మహర్నవమి దిబ్బను కింద నుంచి చూస్తే

అనంతపురం చెరువు కట్ట మీద నడిచేవారికి బుక్కరాయసముద్రం అన్న పేరు రోజూ వినిపించేదే. అయినా ఆ పేరులోని బుక్కరాయలు విజయనగర రాజ్యాన్ని స్థాపించిన సంగమ సోదరులలో ఒకడన్న సంగతి బస్సు బోర్డు చదివేటప్పుడు సాధారణంగా ఎవరికీ గుర్తుకు రాదు. మా జిల్లాలో ఆ రాజ్యపు ఆనవాళ్ళు ఇలాగే ఊళ్ళ పేర్లలో, చెరువు తూములలో, తాడిపత్రి లేపాక్షి గుడులలో, పెనుకొండ కోటగోడలలో కలిసిపోయి ఉంటాయి. వాటన్నిటికీ కేంద్రమైన రాజధాని మాత్రం ఉరవకొండ, బళ్ళారి, హోసపేట దాటితే వచ్చే హంపి. ఆ ఊరికి నేను చిన్నప్పటి నుంచి చాలాసార్లు వెళ్ళాను. విరూపాక్షుడి గోపురం, విఠలాలయపు రాతి రథం చూసి, సాయంత్రానికి మహర్నవమి దిబ్బ అనే ఎత్తైన రాతి వేదిక ఎక్కి, పొద్దు గుంకడం చూసి తిరిగి వచ్చేవాళ్ళం. ఆ దిబ్బ చుట్టూ పరచుకొని ఉన్న రాజప్రాంగణాన్ని, అంటే ఒకప్పుడు ఆ రాజ్యమంతా ఏటా ఒకసారి గుమిగూడిన చోటును, నేను నిజంగా చూసింది మొన్నటి ప్రయాణంలోనే. చూపించినవాడు మా నాయన.

మా నాయన మేస్త్రీ. నలభై ఏళ్ళకు పైగా ఉరవకొండ చుట్టుపక్కల పల్లెల్లో మిద్దెలు కట్టాడు, అంతకన్నా ఎక్కువగా పాత మిద్దెలు విప్పి మళ్ళీ నిలబెట్టాడు. రాయలసీమ మిద్దె ఎలా ఉంటుందో తెలియనివారి కోసం రెండు మాటలు చెప్పాలి. మందమైన రాతి గోడలు, నడుమ కొయ్య స్తంభాలు, స్తంభాల మీద దూలాలు, దూలాల మీద దంతెలు, వాటి మీద చవుడు మట్టి మెత్తి చదును చేసిన కప్పు, ఇదీ మిద్దె. ప్రతి కొయ్య స్తంభం కింద చెక్కిన రాతి పీట ఒకటి ఉంటుంది. కొయ్య నేరుగా నేలను తాకితే తేమకు కుళ్ళుతుంది, చెదలు పడుతుంది, అందుకే ఆ పీట. ఇల్లు పడిపోయాక కొయ్యను ఎవరో ఒకరు తీసుకుపోతారు, మట్టి వానకు కరిగిపోతుంది, పీటలు మాత్రం అక్కడే మిగులుతాయి. హంపి రాజప్రాంగణాన్ని అర్థం చేసుకోవడానికి కావలసిన తాళంచెవి ఈ ఒక్క విషయంలోనే ఉందని నేను ఇప్పుడు గట్టిగా నమ్ముతున్నాను.

హంపి పక్కనున్న కమలాపురం వైపు నుంచి రాజప్రాంగణంలోకి వెళ్ళినవారికి మొదట కలిగే అనుభూతి ఖాళీతనం. ఎత్తైన ప్రహరీ గోడల మధ్య ఎండకు మెరిసే విశాలమైన నేల, అక్కడక్కడ మోకాలెత్తు రాతి అరుగులు, దూరంగా ఒక పెద్ద దిబ్బ, అంతే. గుడులలో లాగా ఇక్కడ తల ఎత్తి చూడవలసిన గోపురాలు లేవు, నీడనిచ్చే మండపాలు లేవు. అందుకే చాలామంది యాత్రికులు గబగబా నడిచి దిబ్బ ఎక్కి ఫోటోలు తీసుకొని వెళ్ళిపోతారు. నేనూ ఇన్నాళ్ళు అదే చేశాను.

ఈ నేల ఇష్టం వచ్చినట్టు పరచినది కాదు. 1980 నుంచి ఎన్నో ఏళ్ళ పాటు ఇక్కడ కొలతలు తీసి పటాలు గీసిన జార్జ్ మిషెల్, జాన్ ఫ్రిట్జ్ అన్న ఇద్దరు పరిశోధకులు ఒక ముఖ్యమైన విషయాన్ని గుర్తించారు. నగరంలోని రాజభాగానికి నడిబొడ్డున, రాజుల సొంత ఆలయంగా పేరున్న హజార రామాలయం ఉంది. పదిహేనో శతాబ్దం తొలినాళ్ళలో, మొదటి దేవరాయల కాలంలో కట్టిన ఈ రామచంద్రుని గుడి మీదుగా ఉత్తర దక్షిణాలుగా గీత గీస్తే, అది ఉత్తరాన మతంగ పర్వతం వైపు పోతుంది. ఆ గీతకు పడమటి వైపు రాజులు నివసించిన ఇళ్ళు, తూర్పు వైపు రాజు పదిమందికీ కనిపించే కొలువు, ఉత్సవాలు, విచారణలు జరిగిన చోట్లు. నగరంలోని దారులు కూడా ఈ గుడి దగ్గరికే వచ్చి కలుస్తాయి. గుడి ముందు నుంచి ఈశాన్యంగా సాగే వీథిని పాన్ సుపారి బజారు అంటారు. 1426లో రెండవ దేవరాయలు అక్కడ పార్శ్వనాథ జినాలయం కట్టించినట్టు శాసనం ఉంది. రాముడి గుడి ఎదుట అంగడి వీథి, ఆ వీథిలో జైన చైత్యాలయం, గుడికి తూర్పుగా రాజు కొలువుతీరే మైదానం, ఇన్నీ ఒకదాని పక్కన ఒకటి ఉన్నాయన్నమాట.

రెండవ దేవరాయల కాలంలోనే, 1443లో, హెరాత్ నుంచి తైమూరు వంశపు సుల్తాను షారుఖ్ పంపిన రాయబారి అబ్దుర్ రజాక్ ఇక్కడికి వచ్చాడు. ఆయన రాసి ఉంచిన వర్ణన చదువుతున్నప్పుడు ఈ ఖాళీ నేల మీద నాకు మొదటిసారి గోడలు లేచినట్టు అనిపించింది. రాజభవనం దగ్గర ఒకదానికొకటి ఎదురుగా నాలుగు బజార్లు ఉండేవనీ, ఉత్తరాన రాజు భవనపు వాకిలి ఉండేదనీ, ప్రతి బజారుకూ పైన ఎత్తైన చావడి ఉన్నా రాజు కొలువుకూటం వాటన్నిటికన్నా ఎత్తుగా ఉండేదనీ ఆయన రాశాడు. రత్నాల వర్తకులు కెంపులు, ముత్యాలు, వజ్రాలు, పచ్చలు బహిరంగంగా బజారులో పెట్టి అమ్మేవారట. గులాబీలు ఎక్కడ చూసినా అమ్ముతారనీ, ఈ ఊరివారికి అవి అన్నంతో సమానమనీ కూడా రాశాడు. చెక్కి నునుపు చేసిన రాతి కాలువలలో నీళ్ళు పారుతూ ఉండేవన్నది ఆయన గమనించిన మరో విషయం. ఆ రాతి కాలువలు ఇప్పటికీ ఉన్నాయి, గనుక మిగతా మాటలను కూడా మనం తేలికగా తోసిపుచ్చలేం.

ఇక దిబ్బ సంగతి. దీనిని మహర్నవమి దిబ్బ అనీ, దసరా దిబ్బ అనీ పిలుస్తారు. సుమారు 11,000 చదరపు అడుగుల పీఠం మీద దాదాపు 40 అడుగుల ఎత్తుకు మూడు అంతస్తులుగా లేచిన చతురస్రపు కట్టడం ఇది. పైకి పోయిన కొద్దీ ఒక్కొక్క అంతస్తు వెనక్కి జరిగి చిన్నదవుతుంది. తూర్పున మెట్లు, వెనుక పడమట మరో మెట్ల దారి ఉన్నాయి. పొరలు పొరలుగా ఒక కాలంలో కట్టినదానికి మరో కాలంలో తొడుగు తొడిగిన గుర్తులు దీని మీద స్పష్టంగా కనిపిస్తాయి. కింది అంతస్తులు గట్టి నల్లరాతివి, వాటి మీద లోతు తక్కువగా చెక్కిన బొమ్మలు పాతవి. కొన్ని వైపుల ఆకుపచ్చ ఛాయ ఉన్న మెత్తని రాయి, శాస్త్రజ్ఞులు క్లోరైట్ షిస్ట్ అనేది, తర్వాతి కాలంలో అతికించినది. దాని మీది చెక్కడం లోతుగా, గుండ్రంగా, మరింత ఓపికగా చేసినట్టు ఉంటుంది.

పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పాయిస్ కృష్ణదేవరాయల కాలంలో, సుమారు 1520 ప్రాంతంలో, ఈ ఊరికి వచ్చాడు. రాజు ఒడిసా యుద్ధం నుంచి తిరిగి వచ్చాక కట్టించిన ఒక భవనాన్ని ఆయన విజయగృహమని పేర్కొన్నాడు. ఉదయగిరి, కొండవీడు గెలిచిన ఆ దండయాత్రల తర్వాత ఈ దిబ్బకు కొత్త తొడుగు, కొత్త మందిరం వచ్చాయని చాలామంది చరిత్రకారులు భావిస్తారు. అందువల్ల దిబ్బను ఒక్క కృష్ణదేవరాయల ఖాతాలో వేయడం నాకు సరిగా తోచదు. కింది రాళ్ళు ఆయనకు ముందు తరాలవారివి. ఆయన చేసింది తాతల నాటి అరుగును తన గెలుపుకు తగినట్టు అలంకరించడం.

దిబ్బ కింది వరుసల బొమ్మలను మా నాయన ఒక గంటసేపు చూశాడు. ఏనుగులు వరుసగా నడుస్తుంటాయి. గుర్రాలను పట్టుకొని మొనదేరిన టోపీలు పెట్టుకున్న పరదేశీయులు వస్తుంటారు, వారిలో కొందరు నాట్యం కూడా చేస్తుంటారు. ఒంటెలు ఉన్నాయి. జింకలను, పందులను వేటాడేవారున్నారు. జెట్టీలు కుస్తీ పడుతుంటారు. కోలలు పట్టి ఆడే స్త్రీలున్నారు. కొలువుతీరిన రాజు ముందు నిలిచి విన్నవించుకొనేవారున్నారు. ఈ బొమ్మలలో దేవుళ్ళు చాలా తక్కువ. ఇదంతా ఆ మైదానంలో జరిగినదే, జరిగిన చోటనే రాతి మీద రాసి పెట్టారు. పండుగ రోజున దిబ్బ పక్కన నిలబడినవాడికి ఎదురుగా నడుస్తున్న ఏనుగులు, పక్కన రాతిలో నడుస్తున్న ఏనుగులు ఒకేసారి కనిపించి ఉంటాయి. పై నుంచి చూసేవాడికి ఈ బొమ్మలు కనబడవు. ఇవి కింద నిలబడినవారి కోసమే చెక్కినవి. పొద్దు గుంకడం చూడడానికి దిబ్బ ఎక్కిన ప్రతిసారీ నేను పోగొట్టుకున్నది ఇదేనని అప్పుడు తెలిసింది.

దిబ్బ ఎక్కాక నాయన నేరుగా నడుమకు వెళ్ళాడు. పై తలంలో రాతి మీద స్తంభాలు నిలిపిన గుర్తులున్నాయి. ఇక్కడ ఒక కొయ్య మందిరం ఉండేది. పాయిస్ రాసినదాని ప్రకారం దసరా రోజులలో రాజు దిబ్బ మీద గుడ్డతో ఒక గది వేయించి, అందులో దేవిని నిలిపేవాడు. ఇంకొక చోట నడుమ ఎత్తుగా రాజు సింహాసనం ఉండేది. అంటే ఇంత పెద్ద రాతి కట్టడమూ ఒక కొయ్య మందిరానికి, ఒక గుడ్డ గుడారానికి పీట మాత్రమే.

అక్కడి నుంచి దిగి దిబ్బకు వాయవ్యంగా ఉన్న నూరు స్తంభాల కొలువుకూటానికి వెళ్ళాం. ఇప్పుడు అక్కడ స్తంభం ఒక్కటీ లేదు. పది వరుసలు, వరుసకు పది చొప్పున రాతి పీటల ఆనవాళ్ళు ఉన్నాయి. పక్కన ఒక రాతి మెట్ల వరుస పైకి వెళ్ళి, ఆకాశంలో ఆగిపోతుంది. అంటే పై అంతస్తు ఉండేదన్నమాట. నాయన ఒక వరుస వెంట అడుగులు లెక్కపెట్టుకుంటూ ఆ చివరి దాకా నడిచి, తిరిగి వచ్చి, ఒక పీట పక్కన గొంతు కూర్చొని చేత్తో తడిమి చూశాడు.

“ఇది మిద్దెనే. మీ జేజి ఇల్లు ఎట్లుండెనో ఇదీ అట్లే, కాకుంటే రాజులు కట్టుకున్న మిద్దె,” అన్నాడు.

నేను అప్పటికి ఈ కూటం గురించి రెండు మూడు వ్యాసాలు చదివి ఉన్నాను. పండితులు చెప్పే మాట కూడా ఇంచుమించు అదే. కొయ్య స్తంభాలు, కొయ్య దూలాలు, పైన ఇటుక సున్నపు కప్పు ఉన్న భవనాలు ఇవి, అందుకే మిగలలేదు. అయినా ఆ మాట మిద్దెలు కట్టినవాడి నోట వినడం వేరు. ఈ పీటల మధ్య ఎడం ఎందుకింత సమానంగా ఉందో, మూల పీట మిగతావాటి కన్నా ఎందుకు ఎక్కువ బరువు మోస్తుందో, నూరు స్తంభాలు ఒక్క మట్టంలో నిలబెట్టాలంటే మొదట ఏ మూల నుంచి నూలు పట్టాలో ఆయన నాకు అక్కడే నేల మీద పుల్లతో గీసి చూపించాడు. నూరు స్తంభాల కింద నిలబడితే ఎక్కడి నుంచి ఎక్కడికి చూసినా స్తంభాల సందుల్లోంచే చూడాలి, అందువల్ల రాజు ఎదుటికి పిలుపు వచ్చినవాడికి, తాను చివరి వరుస దాటే దాకా, రాజు పూర్తిగా కనబడడు అని కూడా అన్నాడు. ఈ మాటకు నా దగ్గర శాసన ప్రమాణం లేదు. కాని కొయ్య స్తంభాల ఇంట్లో పెరిగినవారు ఎవరైనా దీన్ని ఒప్పుకుంటారు.

మన ప్రాంతంలో ఉగాదికి, కళాశాల వార్షికోత్సవాలకు భువనవిజయం రూపకం వేయడం ఆనవాయితీ. అష్టదిగ్గజాలు వరుసగా కుర్చీలలో కూర్చుంటారు, మధ్యలో రాయలు, వెనుక రంగు తెర. చిన్నప్పుడు నాకు ఆ తెర మీది గచ్చు గోడలే రాయల కొలువు అనిపించేవి, ఆ ఊహ నాతో చాలాకాలం ఉండిపోయింది. పాయిస్ తాను చూసిన ఒక గది గురించి రాస్తూ, గోడలు పైనుంచి కింద దాకా దంతంతో చేసినవనీ, అడ్డదూలాలను మోసే స్తంభాల తలల మీద గులాబీలు, తామరలు దంతంతోనే చెక్కి ఉన్నాయనీ చెప్పాడు. దంతం, కొయ్య, పట్టు, గిలకలు, తోరణాలు, వీటితో కట్టిన కొలువు అది. తెర మీద గచ్చు గోడలకు బదులు కొయ్య స్తంభాలు గీయిస్తే ఆ రూపకానికి మరింత నిండుదనం వస్తుందని నాకనిపిస్తుంది.

మైదానం నిండినప్పుడు ఎలా ఉండేదో కూడా పాయిస్ రాశాడు. తొమ్మిది రోజుల పండుగ అది. ప్రాంగణంలోకి ప్రవేశించడానికి వాకిళ్ళు ఒకదాని తర్వాత ఒకటి ఉండేవి, వాటి దగ్గర బెత్తాలు పట్టుకున్న కావలివారు ఉండేవారు, లోపలి వాకిలి దాటి వెళ్ళడానికి నాయకులకు, ముఖ్యులకు మాత్రమే అనుమతి. కనుక దీనిని ఊరందరికీ తెరిచిన సంతగా ఊహించుకోకూడదు. లోపల చుట్టూ మంచెలు కట్టి వాటికి పట్టు గుడ్డలు, జరీ తొడిగేవారు. పొద్దున దేవి పూజ, బలులు. మొదటి రోజుల్లో రోజుకు 24 దున్నలు, 150 గొర్రెలు, చివరి రోజున 250 దున్నలు, 4,500 గొర్రెలు అని ఆయన లెక్క ఇచ్చాడు. ఆ అంకెలు చదివినప్పుడు నాకు ఒళ్ళు జలదరించింది, అయినా ఈ చోటు గురించి రాస్తూ వాటిని దాచడం న్యాయం కాదు. మధ్యాహ్నం తర్వాత జెట్టీల కుస్తీలు, ఆటకత్తెల నాట్యాలు. చీకటి పడ్డాక ఎన్నో దివిటీలు వెలిగించి మైదానమంతా పట్టపగలులా చేసేవారు, బాణాసంచా కాల్చేవారు. అలంకరించిన గుర్రాలను నడిపించుకొని వచ్చేవారు. ఆ తర్వాత అంతఃపుర స్త్రీలు బంగారు పాత్రలలో దీపాలతో ఊరేగేవారు. వారి మీద ఉన్న నగల బరువుకు కొందరు నడవలేకపోతే పక్కనున్న స్త్రీలు చేతులు పట్టుకొని నడిపించేవారట.

మరికొన్నేళ్ళకు వచ్చిన గుర్రాల వర్తకుడు నునిజ్ ఇంకో సంగతి చెప్పాడు. నాయకులు రాజుకు చెల్లించవలసిన కప్పాలను ఈ తొమ్మిది రోజులలోనే చెల్లించేవారు. పండుగ, కొలువు, లెక్కల పరిష్కారం, సేనల ప్రదర్శన అన్నీ ఒకే నేల మీద, ఆ తొమ్మిది రోజుల్లోనే జరిగేవి. గుత్తి నుంచో పెనుకొండ నుంచో గండికోట నుంచో వచ్చిన నాయకుడు ఆ మైదానంలో తనకు ఏ వరుసలో చోటు దొరికిందో చూసుకొని, ఆ ఏడాది రాజు దృష్టిలో తాను ఎక్కడున్నాడో తెలుసుకొని ఉంటాడు. రాజ్యం ఎంత పెద్దదైనా అది కంటికి కనబడేది ఈ తొమ్మిది రోజులు, ఈ ప్రహరీ లోపలనే. నా దృష్టిలో ఈ ప్రాంగణం నిర్మాణంలోని గొప్పతనం అంతా ఇక్కడుంది. కట్టినవాళ్ళు నేలను, ఎత్తును, దారిని, నీటిని మాత్రమే శాశ్వతంగా రాతితో కట్టారు. మిగతాది ప్రతి ఏడూ కొయ్యతో, గుడ్డతో, మనుషులతో కొత్తగా కట్టుకొనేవారు.

ఇలాంటి రాజ మైదానాలు ప్రపంచంలో ఇంకా ఉన్నాయి. ఇరాన్‌లోని ఇస్ఫహాన్ నగరంలో షా అబ్బాస్ కట్టించిన నక్షే జహాన్ చౌకం వాటిలో మేటి. సుమారు 560 మీటర్ల పొడవు, 160 మీటర్ల వెడల్పు ఉన్న ఆ మైదానానికి నాలుగు దిక్కులా రెండంతస్తుల కమానుల వరుస గోడలా నిలిచి ఉంటుంది, పడమటి వైపు అలీ కాపూ భవనపు ఎత్తైన వసారాలో కూర్చొని రాజు కింద జరిగే చౌగాన్, అంటే గుర్రాల మీద ఆడే పోలో వంటి ఆటను చూసేవాడు. అక్కడ భవనాలే మైదానానికి రూపం ఇస్తాయి, మైదానం ఖాళీగా ఉన్నా అందం తగ్గదు. విజయనగరంలో దిబ్బ మైదానం మధ్యకు వచ్చి నిలిచింది, జనం దాని చుట్టూ చేరితేనే దాని ఎత్తుకు అర్థం వస్తుంది. నాకు రెండోదే ఎక్కువ ఇష్టం. అందులో మా ప్రాంతం మీది మమకారం కొంత ఉందేమో, ఉంటే ఉండనీ.

దిబ్బకు దక్షిణంగా ఉన్న మెట్ల కోనేరు దగ్గర మేము ఎక్కువసేపు ఆగాం. 1980ల తవ్వకాలలో మట్టి కింద నుంచి బయటపడిన ఈ కోనేరు సుమారు 22 మీటర్ల చదరం, 7 మీటర్ల లోతు ఉంటుంది. అయిదు వరుసల అరుగులు ఒకదాని కింద ఒకటి దిగుతాయి, ప్రతి అరుగుకూ చిన్న చిన్న మెట్ల గుంపులు కోణాకారంగా అమర్చి ఉంటాయి. చుట్టూ ఉన్న చాలా కట్టడాల రాయికీ దీని రాయికీ పోలిక లేదు. ఇది నల్లని షిస్ట్ రాయి, వేరే చోట చెక్కి తెచ్చి ఇక్కడ పేర్చినది. ఆ సంగతి ఎలా తెలుస్తుందంటే, రాళ్ళ మీద అది ఏ దిక్కుది, ఏ వరుసది, ఆ వరుసలో ఎన్నోది అని కన్నడ అక్షరాలలో గుర్తులు చెక్కి ఉన్నాయి.

గుర్తులు చూసి నాయన నవ్వాడు. పాత మిద్దె విప్పేటప్పుడు ఆయన చేసే మొదటి పని ఇదే. ప్రతి దూలానికీ, ప్రతి పీటకూ ఒక అంకె, ఒక దిక్కు. తూర్పు వరుసకు ‘తూ’, పడమటికి ‘ప’. విప్పినదాన్ని మళ్ళీ అదే క్రమంలో నిలబెట్టాలంటే వేరే మార్గం లేదు. నాలుగైదు వందల ఏళ్ళ కింద ఇదే పని చేసిన మేస్త్రీ పేరు ఏ శాసనంలోనూ లేదు, ఆయన చేతిరాత మాత్రం ప్రతి మెట్టు మీదా ఉంది.

ఈ కోనేటికి నీళ్ళు ఎలా వచ్చేవో కూడా కంటికి కనిపిస్తుంది. రాతి కంబాల మీద నిలిపిన రాతి తొట్టి కాలువ ఒకటి ప్రాంగణం మీదుగా నడిచి వచ్చి కోనేటి అంచున ఆగుతుంది. అందులోంచి పాయలు చీలి మిగతా తొట్లకూ స్నానపు కొలనుకూ పోతాయి. కమలాపురం చెరువు నీరు ఈ రాజభాగానికి అందేది. వానలు తక్కువైన ఈ సీమలో ఎండిన చెరువు చూస్తూ పెరిగినవారికి, ఉత్సవపు మైదానం నడుమ పారే నీటిని మించిన రాజవైభవం ఇంకొకటి ఉంటుందని నేననుకోను.

1565 జనవరిలో రక్కసి తంగడి దగ్గర దక్కన్ సుల్తానులతో జరిగిన యుద్ధంలో, అప్పటికి రాజ్యాన్ని నడుపుతున్న అళియ రామరాయలు చనిపోయాడు. ఆయన తమ్ముడు తిరుమలరాయలు ఖజానాను, నామమాత్రపు రాజు సదాశివరాయలను తీసుకొని మా జిల్లా వైపు, పెనుకొండకు వచ్చేశాడు. ఆ తర్వాత నగరంలో దోపిడీ జరిగింది, కొయ్య కట్టడాలు మంటల పాలయ్యాయి. రెండేళ్ళకు, 1567లో, సీజరు ఫ్రెడరిక్ అన్న వెనిస్ వర్తకుడు అక్కడికి వచ్చి ఏడు నెలలు ఉన్నాడు. ఊరు పూర్తిగా నాశనం కాలేదనీ, ఇళ్ళు నిలిచే ఉన్నా ఖాళీగా ఉన్నాయనీ, వాటిలో పులులు, అడవి జంతువులు తిరుగుతున్నాయని చెప్పుకుంటున్నారనీ రాశాడు. నూరు స్తంభాల కూటం, దిబ్బ మీది మందిరం అప్పటికే పోయి ఉంటాయి. దిబ్బ అన్న పేరు గురించి నేను ఇక్కడే ఆలోచిస్తాను. మన భాషలో దిబ్బ అంటే మట్టి కుప్ప, పాడుపడిన ఎత్తు. పైన మందిరం వెలుగుతున్న రోజుల్లో దాన్ని ఎవరూ దిబ్బ అని ఉండరు. మందిరం పోయాక, చుట్టూ జొన్న చేలు వేసుకున్న రైతులు కంటికి కనబడినదానికి పెట్టిన పేరు అది. అయినా వారు దానికి ముందు మహర్నవమి అన్న మాటను విడిచిపెట్టలేదు.

పండుగ మాత్రం అక్కడ ఆగిపోలేదు. 1610లో శ్రీరంగపట్నం చేతికి వచ్చాక మైసూరు రాజ ఒడెయరు విజయనగర రాజుల పద్ధతిలోనే మహర్నవమి ఉత్సవం మొదలుపెట్టాడు. అదే ఇప్పటి మైసూరు దసరా. ఏనుగులు, గుర్రాలు, జెట్టీలు, దివిటీలు, కొలువు, అన్నీ ప్రయాణం కట్టాయి. పీట ఒక్కటే ఇక్కడ మిగిలింది.

1799లో కాలిన్ మెకంజీ ఈ శిథిలాల పటం గీయించాడు. 1856లో గ్రీన్‌లా అనే సైనికాధికారి వీటిని ఫోటోలు తీశాడు. 1986లో యునెస్కో హంపిని ప్రపంచ వారసత్వ సంపదలో చేర్చింది. ఇప్పుడు దిబ్బ చుట్టూ గడ్డి కత్తిరిస్తారు, దారులకు బండలు పరిచారు, సెక్యూరిటీవారు ఈలలు వేస్తుంటారు. దిబ్బకు దగ్గరలో ఒకే రాతిలో చెక్కిన రెండు పెద్ద తలుపు రెక్కలు నేల మీద పడుకోబెట్టి ఉంటాయి. కొయ్య తలుపుకు ఉండే పలకల గీతలు, ఇనుప బొడిపెలు కూడా రాతిలో చెక్కారు. రాయిని కొయ్యలా చెక్కిన ఈ తలుపు దగ్గర ఆగి చూసేవారు తక్కువ. నాయన అయితే దాని తిరుగుడు మొన ఎక్కడ కూర్చునేదో వెతికి చూసి గాని కదలలేదు.

సాయంత్రం అందరూ దిబ్బ ఎక్కుతున్నప్పుడు మేము దిగి, తూర్పు మెట్ల ఎదుట, ఒకప్పుడు నాయకుల మంచెలు ఉండి ఉండే చోట నిలబడ్డాం. పొద్దు దిబ్బ వెనుక దిగుతుంటే పైన ఉన్న మనుషులు నల్లని నీడలుగా కనిపించారు, కింది వరుసల ఏనుగులు మాత్రం చివరి దాకా వెలుగులోనే ఉన్నట్టు అనిపించింది. అక్కడి నుంచి పై తలం ఎంత ఎత్తో అప్పుడు నాకు తెలిసింది. 

ఉరవకొండ దగ్గర మా జేజి మిద్దెను అయిదేళ్ళ కింద విప్పేశాం. దూలాలు అమ్మేశాం, దంతెలు కొన్ని పశువుల కొట్టానికి పోయాయి. ఆరు రాతి పీటలు మాత్రం అనంతపురంలో మా ఇంటి పెరట్లో వేపచెట్టు కింద ఉన్నాయి. ఈ దసరాకు వాటిలో నాలుగింటిని లోపలికి తెచ్చి, మీద పలకలు పరిచి బొమ్మలకొలువు పెడతానని అమ్మ అంటోంది. తిరిగి వచ్చిన మరునాడు నాయన వాటి మీది మట్టి కడిగి, ఉలితో తాను చెక్కిన అంకెలు సరిచూసి, ‘తూ’ గుర్తు ఉన్న రెండింటిని తూర్పు గోడ వైపుకు జరిపి పెట్టాడు.